కొత్తగా కొన్న పాత బండి: చలికాలమంతా కప్పి ఉంచాలా, నడపాలా?

మంచు కురిసే చోట చలికాలం ముందు సెకండ్ హ్యాండ్ మోటారు సైకిలు బేరం సులువుగా కుదురుతుంది. నాలుగు నెలలు ఊరికే పడి ఉండే బండిని వదిలించుకోవాలని అమ్మేవారు తొందరపడతారు, ఆ తొందర కొనేవారికి కలిసివస్తుంది. నేనూ అలాగే కొన్నాను. కాగితాలు చేతికొచ్చిన వారానికే మంచు పడింది. ఇక కాలు కాలిన పిల్లిలా షెడ్డు చుట్టూ తిరగడమే నా పని అయింది. ఎండ కాసిన రోజు చూసి బయటికి తీసి నడపాలా, వసంతం దాకా కప్పి ఉంచాలా, లేక ఈలోపు విప్పి చూసుకోవాలా?

నడపాలనే వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. నిలబెట్టి చూస్తే పాత బండి గుణం తెలియదు. గేరు జారుతుందా, ఇంజను బాగా వేడెక్కాక ఆయిలు కారుతుందా, బ్రేకు నొక్కితే బండి ఒక పక్కకు లాగుతుందా అన్నవి రోడ్డు మీదే బయటపడతాయి. కానీ రోడ్డు చల్లగా ఉంటే టైరులోని రబ్బరు గట్టిపడి పట్టు తగ్గుతుంది. గాలి 5 డిగ్రీలున్న రోజు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళితే ఒంటికి మైనస్ 3 డిగ్రీల చలి తగిలినట్లుంటుంది. ముందు మొద్దుబారేవి వేళ్లు. క్లచ్చు, ముందు బ్రేకు ఆ వేళ్లతోనే నొక్కాలి. ఎండ ఉంది కదా అనుకోవడానికీ లేదు. వంతెనకు కింద నుంచి కూడా చల్లగాలి తగులుతుంది కాబట్టి మామూలు రోడ్డు కంటే ముందే అక్కడ మంచు పేరుకుంటుంది. అలవాటు లేని బండి మీద అలాంటి వంతెన నాకైతే వద్దు. ఇక మంచు కరగడానికి చల్లే ఉప్పు చైనుకూ స్పోకులకూ సైలెన్సరుకూ పట్టి తినేస్తుంది. ఇంటికి రాగానే కడుగుదామంటే గొట్టంలో నీళ్లు గడ్డకట్టి ఉంటాయి!

కప్పి ఉంచడం అన్నింటికన్నా సులువుగా కనిపిస్తుంది, కానీ కప్పేసి మరిచిపోతే కుదరదు. వదిలేసిన బ్యాటరీ మెల్లగా ఖాళీ అవుతుంది. నిండుగా చార్జి ఉన్నది గట్టి చలినైనా తట్టుకుంటుంది. ఖాళీ అయినది సున్నాకు కొద్ది డిగ్రీలు దిగువకే గడ్డకట్టి పగిలిపోవచ్చు. 12.4 వోల్టులకు దిగిందంటే చార్జింగ్ పెట్టాల్సిందే. ఇనుప ట్యాంకు సగం ఖాళీగా ఉంటే లోపలి గోడలకు చెమ్మ పట్టి తుప్పు మొదలవుతుంది, అందుకే నిండా నింపాలి. నింపిన పెట్రోలు చెడిపోకుండా మందు కలిపి, అది కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే భాగం) దాకా చేరేలా కాసేపు ఇంజను నడిపి ఆపాలి. పాత యజమాని ఇవేమీ చేసినట్లు లేదు. కార్బ్యురేటర్ అడుగున ఉండే చిన్న గిన్నెను విప్పి గాజు గ్లాసులో వంపితే డికాక్షన్ రంగులో జిగురు దిగింది, వాసన పాత రంగుడబ్బాలా ఉంది.

వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే చాలదా అని చాలామంది అడుగుతారు. అది సరిగ్గా కప్పి ఉంచడం కన్నా చెడ్డది. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. ఇంజను పూర్తిగా వేడెక్కకపోతే ఆ ఆవిరి సైలెన్సరులోనూ ఇంజను ఆయిలులోనూ నీరై మిగిలిపోతుంది. బ్యాటరీకి కూడా స్టార్టరు తాగినంత తిరిగి రాదు. ఆ శబ్దం వినాలన్న మన సరదా తీరుతుందంతే.

నా ఓటు మూడో దారికి, అంటే విప్పి చూసుకోవడానికి. పాత బండిలో మనకు తెలియనిదే ఎక్కువ, దాన్ని తెలుసుకోవడానికి ఇంత తీరిక మళ్లీ దొరకదు. నా బండి టైర్ల గాట్లు లోతుగానే ఉన్నాయి, కొనేటప్పుడు అది చూసి మురిసిపోయాను. టార్చి వేసి టైరు పక్క భాగం మీద చూస్తే తయారీ అంకె 1413. అంటే 2013లో 14వ వారం. గాట్లు ఎంత లోతుగా ఉన్నా రబ్బరు పాతబడిపోయింది, ఇక మార్చక తప్పలేదు. బ్రేకు ఆయిలు తేమను పీల్చుకుంటుంది కాబట్టి రెండేళ్లకోసారి మార్చాలి. ఇందులోది బెల్లం పాకం రంగుకు తిరిగింది. ఎయిర్ ఫిల్టర్ పెట్టెలో ఎలుక గూడు!

ఈ దారిలోనూ ఒక ప్రమాదం ఉంది. ఉత్సాహంలో అంతా విప్పేస్తే వసంతం వచ్చేసరికి బండి డబ్బాల్లో ఉంటుంది. ఒక పని ముగిశాకే ఇంకొకటి మొదలుపెట్టాలి, విప్పే ముందు ఫోనులో ఫొటో తీసుకోవాలి, బాగా నడుస్తున్న ఇంజను జోలికి పోకూడదు.

రోడ్ల మీద ఉప్పు చల్లకముందే కొన్నవారైతే పొడిగా ఉన్న రోజు చూసి 100 కిలోమీటర్లు తిప్పి, వినిపించిన ప్రతి శబ్దాన్నీ రాసుకుని, ఆ తర్వాత షెడ్డులో పెట్టండి. మరమ్మతుల చిట్టా దానంతటదే తయారవుతుంది. నాకు ఆ అవకాశం దక్కలేదు కాబట్టి కనబడినవాటితోనే చిట్టా రాసుకున్నాను. అందులో ఇంకా రెండు మిగిలాయి: ముందు చక్రం బేరింగు, మోగని హారన్.