పాత పికప్‌లో స్పీకర్లు పెట్టిస్తున్నారా? డోర్ కోయించే ముందు ఇది చదవండి

పాత పికప్ కొని పాటల సెట్ పెట్టించాలనుకుంటున్న అన్నలకూ తమ్ముళ్లకూ ఈ హెచ్చరిక. స్పీకర్లు ఎక్కడ పెట్టాలో మీరే కొలిచి తేల్చుకోండి. ఆ చోటు తేలేదాకా స్పీకర్లు కొనకండి, బండిని షాపువాడికి అప్పజెప్పకండి. నేను ముందు స్పీకర్లు కొన్నాను, చోటు సంగతి షాపువాడికి వదిలేశాను. 3,200 రూపాయల స్పీకర్ల కోసం రెండు డోర్లూ పాడయ్యాయి. బాగు చేయించడానికి అంతకు మించి పోయింది, నాలుగు రోజుల కిరాయిలు కూడా పోయాయి.

నాది 2009 మోడల్ సింగిల్ క్యాబిన్ బొలెరో పికప్, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్ల నుంచి గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వేస్తుంటాను. సీజన్‌లో రాత్రిపూట లోడ్ ఎత్తి, తెల్లారేలోపు యార్డు దగ్గర ఉండాలి. అలాంటి రాత్రుల్లో క్యాబిన్‌లో పాట ఉంటే తోడుగా ఉంటుంది. పాత ఓనరు పెట్టించిన డెక్ (పాటల ప్లేయరు) బాగానే పనిచేస్తోంది. స్పీకర్లు మాత్రం డాష్‌బోర్డు మీద విడిగా స్క్రూలు కొట్టి పెట్టినవి. అద్దంలోంచి పడే ఎండకు వాటి కోన్లు, అంటే కదిలి శబ్దం చేసే గరాటు భాగాలు, పెళుసెక్కి చిట్లిపోయాయి. అందుకే కొత్తవి పెట్టిద్దామని డిసెంబరులో ఒక షాపుకు వెళ్లాను.

షాపతను ఆరున్నర అంగుళాల స్పీకర్లు చూపించాడు. 'మ్యాగ్నెట్ ఎంత పెద్దదైతే బేస్ అంత వస్తుంది అన్నా' అన్నాడు. నేను నమ్మాను. ఎక్కడ పెడతావని అడిగితే డోర్ లోపలివైపు కప్పి ఉండే ప్యాడ్ మధ్యలో, కింద చదునుగా ఉన్న చోట చెయ్యి పెట్టి చూపించాడు. కొలత తియ్యలేదు, ప్యాడ్ ఊడదీసి వెనక ఏముందో చూడలేదు. నేను టీ తాగి వచ్చేసరికి గ్రైండర్‌తో రెండు డోర్ల రేకూ గుండ్రంగా కోసేశాడు. అక్కడ నిలబడి ఆపనందుకు ఈ రోజుకీ బాధపడుతున్నాను.

డోర్ లోపల గ్లాసు దిగడానికి ఒక దారి ఉంటుంది. లోపలి రేకుకూ, పూర్తిగా దించిన గ్లాసుకూ మధ్య ఉన్న ఖాళీయే స్పీకర్ లోతుకు హద్దు. ప్యాడ్ వైపు నుంచి చూస్తే ఆ ఖాళీ ఎంతో తెలియదు. తర్వాత స్కేలు పెట్టి కొలిస్తే నా బండిలో షాపతను కోసిన చోట రెండంగుళాలకు కాస్త తక్కువే ఉంది. ఆ స్పీకర్ లోతు రెండున్నర అంగుళాలు. అంటే గ్లాసు దిగినప్పుడల్లా మ్యాగ్నెట్‌కు తగులుతుంది. బండి తీసుకునేటప్పుడే గ్లాసు ఇంకా నాలుగు వేళ్లు పైకి ఉండగానే ఆగిపోయింది. అడిగితే 'అంత కిందకు దించాల్సిన పనేముంది అన్నా' అన్నాడు. ఆ మాటకు సరేనని డబ్బులు కట్టి వచ్చేశాను.

ఫిబ్రవరిలో ఒక రాత్రి టిక్కీలు వేసుకుని బయలుదేరాం. దారిలో టీ కోసం ఆపినప్పుడు మా క్లీనర్ కుర్రాడు డ్రైవర్ డోర్ గ్లాసు దించబోయాడు. దిగకపోతే హ్యాండిల్‌ను గట్టిగా తిప్పాడు. లోపల గ్లాసును ఎత్తి దించే గ్లాస్ మెషీన్ పళ్లు విరిగి గ్లాసు ధడేల్మని జారిపోయింది. ఇక పైకి రాలేదు. మిర్చి లోడుతో వెళ్లేవాళ్లకు చెప్పక్కర్లేదు, ఆ ఘాటు గాలికి క్యాబిన్‌లోకి కొడితే ఎలా ఉంటుందో. యార్డు చేరేదాకా కళ్లు మండుతూనే ఉన్నాయి, తుమ్ములు ఆగలేదు. తువ్వాలు తడిపి మొహానికి కట్టుకుని నడిపాను. కళ్లలో నీళ్లు కారుతుంటే ఎదురుగా వచ్చే లారీ లైటు సరిగా కనపడదు. డబ్బు పోయినందుకన్నా ఆ ప్రయాణం తలచుకుంటేనే నాకు ఇప్పటికీ భయం.

మర్నాడు షాపుకు వెళ్తే 'మీ కుర్రాడు విరగ్గొట్టాడు, నాదేం తప్పు' అన్నాడు. బిల్లు అడిగితే స్పీకర్లకు మాత్రమే ఇచ్చాడు, ఫిట్టింగ్‌కు కాగితమే లేదు. మీరు మాత్రం ఫిట్టింగ్‌కు కూడా బిల్లు రాయించుకోండి. అందులో రేకు కోసిన సంగతి కూడా ఉండాలి.

ఆ డోర్‌లో స్పీకర్ తీసేసి గ్లాస్ మెషీన్ మార్పించాను. ఎడమ డోర్‌ను అలాగే వదిలేశాను. అది రెండో తప్పు. జులైలో వానలు పడ్డాక ఎడమ స్పీకర్ గరగరలాడుతూ ఆగిపోయింది. ప్యాడ్ తీసి చూస్తే అసలు సంగతి బయటపడింది. ఏ బండిలోనైనా గ్లాసు పక్క రబ్బరు దగ్గర నుంచి వాననీళ్లు డోర్ లోపలికి దిగుతాయి. కింద ఉన్న చిన్న రంధ్రాల్లోంచి బయటికి పోతాయి. ఆ నీళ్లు ప్యాడ్‌కు తగలకుండా వెనక ఒక ప్లాస్టిక్ షీటు అంటించి ఉంటుంది. షాపతను దాన్ని చింపి పారేశాడు. గ్రైండర్ రజను తుడవలేదు, అది కింద రంధ్రాలకు అడ్డం పడి నీళ్లు నిలిచిపోయాయి. కోసిన అంచుకు రంగు వెయ్యలేదు, చుట్టూ తుప్పు పట్టింది. కోన్ అట్ట కావడంతో నాని ఉబ్బిపోయింది.

ఇంకా భయపడాల్సింది వైరు విషయం. డోర్ నుంచి బాడీలోకి వచ్చే చోట రబ్బరు గొట్టం వెయ్యకుండా రేకు అంచు మీదుగా లాగేశాడు. రోజుకు ఎన్నోసార్లు డోర్ తీసి వేస్తుంటే ప్లాస్టిక్ ఒరుసుకుపోయి లోపలి రాగి తీగ కనిపిస్తోంది. స్పీకర్ వైరు బాడీకి తగిలితే డెక్ పోతుంది, అంతవరకే. కానీ అతను పాత పవర్ లైన్ మార్చి బ్యాటరీ నుంచి డెక్‌కు నేరుగా వైరు లాగాడు. దానికి ఫ్యూజు లేదు. ఇంజన్ వైపు నుంచి క్యాబిన్‌లోకి వచ్చే కంతకు రబ్బరు వాషరు కూడా లేదు. ఆ వైరు ఒరుసుకుపోయి ఉంటే బండికి నిప్పు అంటుకునేది. ఫ్యూజు బ్యాటరీకి జానెడు, రెండు జానల దూరంలోపే ఉండాలి. ఇప్పటికే సెట్ ఉన్నవాళ్లు ఈ రోజే బానెట్ ఎత్తి ఇది ఒక్కటి చూసుకోండి.

ఆ తర్వాత నాకు తెలిసిన ఒక పాత ఎలక్ట్రీషియన్ దగ్గర కూర్చుని, బండిలో ఒక్కో చోటు చూసుకుంటూ వచ్చాం. సీటు వెనక పెడదామంటే సింగిల్ క్యాబిన్‌లో సీటు దాదాపు వెనక గోడకు ఆనుకునే ఉంటుంది. జాకీ, పానాలు అక్కడే ఉంటాయి. సౌండ్ సీటు దూదిలోనే ఇంకిపోతుంది. బోల్టులు బిగించకుండా డబ్బా స్పీకర్లు పెట్టారంటే గట్టి బ్రేకుకు అవి మన తలకే వచ్చి తగులుతాయి. టాపు రేకు పలుచన, స్క్రూ కంతల్లోంచి వాన కారుతుంది. కాళ్ల దగ్గర పక్క గోడకు పెట్టొచ్చు గానీ, మన బండ్లలో కుడివైపు ఆక్సిలరేటర్ ఉంటుంది. స్పీకర్ మీది జాలీ బూటుకు తగిలినా, పెడల్ కదలికకు అడ్డం వచ్చినా ప్రమాదం. ఆ మాట వినగానే నేను అది వద్దన్నాను.

చివరికి డోర్‌లోనే చోటు దొరికింది, కాకపోతే మధ్యలో కాదు. కీళ్ల వైపు కింది మూలలో. నా బండిలో గ్లాసు తను జారే ముందు ఛానల్ (గాడి) దాటి ఆ మూలకు రాదు. ప్యాడ్ ఊడదీసి, గ్లాసు పూర్తిగా దించి, ఆ చోట స్కేలు దూర్చి కొలిచాం. గ్లాస్ హ్యాండిల్ ఒక చుట్టు పూర్తిగా తిప్పి, పిడికిలి ఎక్కడిదాకా వస్తుందో ప్యాడ్ మీద చాక్‌పీసుతో గీశాం. డోర్ వేసినప్పుడు జాలీ డాష్‌బోర్డుకు గానీ మోకాలికి గానీ తగలకూడదని అట్టముక్క కోసి అంటించి, రెండు రోజులు అలాగే నడిపాను. ఈ అట్ట పనికి పైసా ఖర్చు కాదు. ముందే చేసి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

ఆ కొలత చేతిలో పట్టుకున్నాకే స్పీకర్లు కొన్నాను. ఐదుంపావు అంగుళాలవి, లోతు తక్కువవి. రేకుకూ స్పీకర్‌కూ మధ్య ప్లైవుడ్ రింగు రంగు వేసి బిగించాం, దాంతో ఇంకో అర అంగుళం లోతు కలిసొచ్చింది. పాత కంతలకు రేకు ముక్కలు అతికించి, టింకరింగ్ చేయించి, రెడ్ ఆక్సైడ్ వేయించాను. ప్లాస్టిక్ షీటు కొత్తది అంటించాం. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసేశాం.

సౌండ్ విషయంలోనూ నన్ను మోసం చేశారని అప్పుడే తెలిసింది. పాత ఫిట్టింగ్‌లో ఒక స్పీకర్‌కు ప్లస్ మైనస్ తారుమారు చేశారు. ఒకటి ముందుకు కొడుతుంటే ఇంకొకటి వెనక్కి లాగుతుంది, బేస్ అంతా పోతుంది. చిన్న 1.5 వోల్టుల సెల్‌ను స్పీకర్ రెండు కొసలకూ ఒక్క క్షణం తగిలించి చూడండి. ప్లస్‌కు ప్లస్ తగిలితే కోన్ బయటికి వస్తుంది. డెక్ డబ్బా మీద 50 వాట్లని రాసి ఉన్నా, ఆగకుండా ఇచ్చేది ఒక్కో స్పీకర్‌కు సుమారు 20 వాట్లే. అందుకని పెద్ద మ్యాగ్నెట్ కోసం ఎగబడకండి. 'అదే లైనుకు ఇంకో జత కలుపుదాం' అంటే ఒప్పుకోకండి. 4 ఓమ్‌ల (ఓమ్ అంటే కరెంటుకు ఉండే అడ్డు కొలత) స్పీకర్లు రెండు పక్కపక్కన కలిపితే 2 ఓమ్‌లవుతుంది, మామూలు డెక్ వేడెక్కి పోతుంది.

మీ మోడల్ నాదే అయినా నా కొలతలు నమ్మి కోయించకండి. పాత బండి డోర్లు ఎన్ని చేతులు మారాయో, గ్లాసు ఏ ఛానల్‌లో ఎంత వంగిందో తెలియదు. ప్యాడ్ ఊడదీసి మీ కళ్లతో చూడండి. కోసేటప్పుడు పక్కనే ఉండండి, డబ్బులిచ్చే ముందు రెండు గ్లాసులూ పూర్తిగా దించి ఎత్తి చూడండి. 'అంతదాకా దించక్కర్లేదు' అన్నాడంటే డబ్బు ఇవ్వకండి.

నా డ్రైవర్ డోర్ గ్లాసు ఇప్పటికీ మధ్యలో ఒకచోట పట్టేస్తుంది. ఆ రాత్రి జారిపడినప్పుడు లోపలి ఛానల్ వంగిందని మెకానిక్ చెప్పాడు. కొత్త మిర్చి కోతలు మొదలయ్యేలోపు దాన్ని మార్పించాలి.