కెర్నెల్ డాక్యుమెంటేషన్‌కు స్ఫింక్స్, కెర్నెల్-డాక్: తొమ్మిదేళ్ల వాడకం తరువాత

లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌కు డ్రైవర్లు (హార్డ్‌వేర్‌ను నడిపే కోడ్) రాయడం నా ఉద్యోగం. రాసిన డ్రైవర్‌కు డాక్యుమెంటేషన్ రాయడం, కోడ్ మారినప్పుడల్లా దానిని మార్చుకుంటూ పోవడం కూడా ఆ ఉద్యోగంలో భాగమేనని చేరిన రోజున నాకెవరూ చెప్పలేదు. కెర్నెల్ వారు ఈ పనికి వాడే, టెక్స్ట్ ఫైళ్లను వెబ్ పుటలుగా మార్చే స్ఫింక్స్‌ను, దానికి తోడుగా కోడ్‌లోని కామెంట్లను చదివి అందించే కెర్నెల్-డాక్ స్క్రిప్టును 2016 చివరినుంచి వాడుతున్నాను. కొత్తగా వాడిచూసి పొగిడేవారు చాలామంది ఉన్నారు కనుక, పాతబడిన తరువాత ఇవి ఎలా ఉంటాయో చెప్పడానికే ఈ సమీక్ష.

కొంత పూర్వరంగం అవసరం. పైథాన్ డాక్యుమెంటేషన్ కోసం గేయార్గ్ బ్రాండల్ తయారుచేసిన స్ఫింక్స్ 2008లో బయటికి వచ్చింది. కెర్నెల్‌లోకి అది 4.8 వెర్షన్‌తో, 2016 అక్టోబరులో చేరింది. అంతకుముందు పెద్ద పుస్తకాలు డాక్‌బుక్ ఎక్స్‌ఎంఎల్ అనే బరువైన మార్కప్‌లో ఉండేవి, మిగిలినదంతా ఎవరికి తోచిన పద్ధతిలో వారు రాసిన టెక్స్ట్ ఫైళ్ల గుట్ట. డాక్యుమెంటేషన్ బాధ్యత చూసే మెయింటైనర్ జొనాథన్ కార్బెట్, జాని నికులా కలిసి కొత్త ఏర్పాటుకు పునాది వేయగా, పాత టెక్స్ట్ ఫైళ్లను వందలకొద్దీ స్ఫింక్స్ చదివే రీస్ట్రక్చర్డ్ టెక్స్ట్ అనే తేలిక మార్కప్‌లోకి మార్చిన శ్రమలో పెద్దపాలు మౌరో కార్వాల్యో షెహాబ్‌ది. డాక్‌బుక్ రోజుల్లో ఒక చిన్న సవరణ తెరమీద ఎలా కనబడుతుందో చూసుకోవడానికే ఒక పూట పట్టేది, ఆ రోజులు తిరిగి రావాలని నేను ఏనాడూ కోరుకోలేదు.

రోజువారీ వాడకంలో నాకు బాగా నచ్చినది, మూల ఫైలు మూలంగానే చదవడానికి వీలుగా ఉండటం. సర్వర్‌లోకి లాగిన్ అయి, బ్రౌజర్ లేకుండా, టెర్మినల్‌లోనే ఫైలు తెరిచి చదువుకోవచ్చు. మార్కప్‌ను అతిగా వాడవద్దని కెర్నెల్ వారి మార్గదర్శకమే చెబుతుంది. 2019లో వచ్చిన ఆటోమార్కప్ తరువాత ఫంక్షన్ పేరు రాసి పక్కన రెండు బ్రాకెట్లు పెడితే చాలు, లింకు దానంతటదే పడుతుంది. అంతకుముందు ప్రతి పేరు ముందూ తోకలా తగిలించిన గుర్తులు చదివేవాడి కంట్లో నలుసులా ఉండేవి.

మొత్తం పుస్తకాన్ని ‘మేక్ హెచ్‌టీఎంఎల్‌డాక్స్’తో కట్టడం మాత్రం ఓపిక పరీక్షించే పని, మెమరీ కూడా ధారాళంగా తింటుంది. అందుకని స్ఫింక్స్‌డిర్స్ అనే వేరియబుల్‌లో నాకు కావలసిన ఒక్క డైరెక్టరీ పేరే ఇచ్చి కడతాను. అప్పుడు నిమిషంలో పని తేలుతుంది గాని, ఆ డైరెక్టరీ బయటికి పోయే లింకులు తెగినట్టు కనబడతాయి. మొదటి ఏడాది ఆ హెచ్చరికలను నా తప్పులే అనుకుని లేని దోషాలు దిద్దుతూ కూర్చున్నాను. కామెంట్లను మాత్రమే సరిచూసుకోవాలంటే కెర్నెల్-డాక్‌ను ‘నన్’ ఐచ్ఛికంతో నడిపితే చాలు, అవుట్‌పుట్ ఏమీ ఇవ్వకుండా తప్పులు మాత్రమే చెబుతుంది.

ఆ స్క్రిప్టు చేసే పని నిజంగా విలువైనది. ఫంక్షన్ పైన స్లాష్, రెండు నక్షత్రాలతో మొదలయ్యే కామెంట్‌లో ఒక్కొక్క పారామీటర్‌ను పేరు పెట్టి వివరిస్తాం. కోడ్‌లో ఒక పారామీటర్ పేరు మార్చి కామెంట్‌ను మరిచిపోతే అది వెంటనే పట్టేస్తుంది. కొత్తది చేర్చి వివరించకపోయినా, తీసేసినదాని వివరణ మిగిలిపోయినా అంతే. ఇలాంటి మతిమరుపులు నావే కొన్ని వందలు ఈ స్క్రిప్టు చేతిలో దొరికి ఉంటాయి. ఏళ్లనాటి పెర్ల్ స్క్రిప్టు స్థానంలో 2025లో పైథాన్‌లో తిరగరాసినది వచ్చింది, పని మాత్రం అదే.

అయితే అది సరిచూసేది రూపాన్నే, అర్థాన్ని కాదు. ఆ సంగతి నాకు తెలిసివచ్చిన తీరు కొంచెం వివరంగా చెప్పాలి.

మా డ్రైవర్‌లో రిజిస్టర్ చదివే చిన్న ఫంక్షన్ ఒకటి ఉంది. దాని కామెంట్‌లో ‘కాంటెక్స్ట్’ అనే వరుస కింద, దీనిని ఎక్కడినుంచైనా పిలవవచ్చు, ఇంటరప్ట్ హ్యాండ్లర్ (హార్డ్‌వేర్ పిలుపుకు వెంటనే స్పందించే, మధ్యలో ఆగి వేచి ఉండకూడని కోడ్) నుంచి కూడా పిలవవచ్చు అని నా చేత్తో నేనే రాశాను. రాసిన నాటికి అది నిజమే, ఎందుకంటే లోపల ఉన్నది స్పిన్‌లాక్, అంటే దొరికేవరకు నిద్రపోకుండా తిరుగుతూ కాచుకునే లాక్. ఏడాది తరువాత ఫర్మ్‌వేర్ లోడ్ చేసే కోడ్ కూడా అదే లాక్‌ను పట్టుకోవలసి వచ్చింది. ఆ కోడ్ నిద్రపోగలదు, అంటే మధ్యలో ఆగి వేచి ఉండగలదు కనుక స్పిన్‌లాక్ తీసి, దొరకకపోతే నిద్రపోయి కాచుకునే మ్యూటెక్స్ అనే లాక్ పెట్టాను. పారామీటర్లేవీ మారలేదు, ఫంక్షన్ పేరూ మారలేదు. కెర్నెల్-డాక్ ఒక్క మాట అనలేదు, స్ఫింక్స్ చక్కటి పుట తయారుచేసి పెట్టింది. ఆ పుటను నమ్మి ఒక సహోద్యోగి తన ఇంటరప్ట్ హ్యాండ్లర్‌నుంచి ఆ ఫంక్షన్‌ను పిలిచాడు. మ్యూటెక్స్ ఖాళీగా ఉన్నంతసేపూ ఏ ఇబ్బందీ కనబడలేదు. ఫర్మ్‌వేర్ లోడవుతున్న ఆ కొద్దిపాటి వ్యవధిలోనే ఇంటరప్ట్ వచ్చినప్పుడు మాత్రం కెర్నెల్ ‘షెడ్యూలింగ్ వైల్ అటామిక్’ (నిద్రపోకూడనిచోట నిద్రపోయారు) అని అరిచి చతికిలబడేది. పదిసార్లు రీబూట్ చేస్తే ఒకసారి వచ్చే ఆ తప్పు వెనక మేమిద్దరం వారం రోజులు తిరిగాం. చివరికి అతను నా కామెంట్‌ను తెరమీద పెట్టి, ‘అన్నా, ఇది నువ్వు రాసిందేగా’ అన్నాడు.

ఆ తరువాత నా అలవాటు మారింది. కామెంట్‌లో చెప్పే మాటను కోడ్ చేతనే చెప్పించగలిగినచోట అలాగే చెప్పిస్తున్నాను. కొన్ని దారుల్లో మాత్రమే నిద్రపోయే ఫంక్షన్ అయితే మొదటి వరుసలోనే ‘మైట్ స్లీప్’ అనే తనిఖీ పెడతాను. లాక్ పట్టుకునే రావాలి అన్నచోట ‘లాక్‌డెప్ అసర్ట్ హెల్డ్’ అనే తనిఖీ పెడతాను. పరీక్షించే బిల్డ్‌లో వీటికి సంబంధించిన డీబగ్ ఐచ్ఛికాలు వేసి ఉంటే, నిబంధన మీరినవాడికి అక్కడికక్కడే చీవాట్లు పడతాయి. మా పరీక్ష బోర్డులో ఆ ఐచ్ఛికం వేసి ఉంటే మ్యూటెక్స్ ఖాళీగా ఉన్నా మొదటిరోజే హెచ్చరిక వచ్చేది. కామెంట్‌లో ‘కాంటెక్స్ట్’ వరుస ఇప్పటికీ రాస్తాను గాని, లాక్ మార్చే ప్రతి ప్యాచ్‌లోనూ (కోడ్ సవరణలోనూ) ఆ వరుసను కూడా తెరిచి చూడడం నియమంగా పెట్టుకున్నాను.

చికాకులు లేకపోలేదు. ఫంక్షన్ తిరిగి ఇచ్చే విలువలను మూడు వరుసల్లో ఒకదాని కింద ఒకటి పేర్చి రాస్తే, హెచ్‌టీఎంఎల్‌లో అవన్నీ కలిసిపోయి ఒకే వాక్యంగా వస్తాయి. జాబితా గుర్తు పెట్టి, ముందు ఒక ఖాళీ వరుస వదిలితేనే విడివిడిగా నిలబడతాయి. శీర్షిక కింద గీత ఒక్క అక్షరం తగ్గినా గొడవ చేసే పనిముట్టు, ఇంత పెద్ద గందరగోళాన్ని మౌనంగా అచ్చువేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పీడీఎఫ్ సంగతికి వస్తే, దానికి కావలసిన టెక్ (TeX) అనే అచ్చుకూర్పు సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల చిట్టా చూసి రెండుసార్లు ప్రయత్నించి వదిలేశాను. 2020లో స్ఫింక్స్ 3 వచ్చి సి భాషకు సంబంధించిన భాగాన్ని మార్చేసినప్పుడు, అంతవరకూ శుభ్రంగా ఉన్న మా పుటలు రాత్రికి రాత్రి హెచ్చరికలతో నిండిపోయాయి. అప్పటినుంచి స్ఫింక్స్‌ను పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో, ఒకే వెర్షన్‌కు కట్టిపడేసి వాడుతున్నాను.

పాతబడిన సమాచారం ఎక్కువగా పేరుకునేది, కెర్నెల్ బయటి ప్రోగ్రాములకు ఇచ్చే ఇంటర్‌ఫేస్‌ల వివరాలుండే ఏబీఐ డైరెక్టరీలో. సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నెల్ తన సమాచారాన్ని ఫైళ్లుగా చూపే చోట) మనం చేర్చిన ఒక్కొక్క ఫైలుకూ అక్కడ పేరు, తేదీ, కెర్నెల్ వెర్షన్, సంప్రదించవలసిన మనిషి, వివరణ రాయాలి. వివరణలు ఫరవాలేదు గాని, ఆ సంప్రదింపు వరుసలు చాలావరకు ఉద్యోగాలు మారినవారి పాత చిరునామాలు. నేను వదిలేసిన ఒక కొలువు చిరునామా కూడా అక్కడ చాలాకాలం ఉండిపోయింది, దానికి ఎవరు రాసినా తిరుగుటపాలో వెనక్కి వచ్చేది. దిద్దడానికి ఒక్క వరుస ప్యాచ్ పంపితే సరిపోయింది. ఇలాంటి ప్యాచ్ ఎవరికి పంపాలో గెట్-మెయింటైనర్ స్క్రిప్టును అడగాలి. డాక్యుమెంటేషన్ మార్పులన్నీ ఒకే మనిషి చేతిమీదుగా పోవు, చాలా వాటిని ఆయా ఉపవ్యవస్థల మెయింటైనర్లే తీసుకుంటారు. తప్పుడు పుటను తీసేయమని ప్యాచ్ పంపినా ఇక్కడ ఎవరూ నొచ్చుకోరు. కాలం చెల్లిన పత్రం చదివేవారిని దారి తప్పిస్తుందని మార్గదర్శకంలోనే రాసుకున్నారు.

అనువాదాల గురించి ఒక మాట. చైనీస్, జపనీస్, కొరియన్, ఇటాలియన్, స్పానిష్ భాషల్లో కెర్నెల్ పత్రాల అనువాదాలు మూలంతో పాటే ఉన్నాయి, తెలుగు లేదు. మా కొత్త కుర్రవాళ్ల కోసం ప్యాచ్ పంపే పద్ధతినీ, లాకింగ్ పరిచయాన్నీ నేను తెలుగులో రాసి ఆఫీసులో పెట్టాను. లాక్‌ను తాళం అని రాస్తే నవ్వారు గనుక లాక్ అనే ఉంచాను, థ్రెడ్ జోలికి వెళ్లనేలేదు. కెర్నెల్‌లో ఉన్న అనువాదాలకు, ఇంగ్లీషు మూలం తరువాత ఎన్ని మార్పులు పొందిందో చూపే స్క్రిప్టు 2024లో వచ్చింది. ఆఫీసు సర్వర్‌లో విడిగా ఉన్న నా పుటలను అడిగే స్క్రిప్టు ఏదీ లేదు. పోయిన నెల ఒక అమ్మాయి వచ్చి, ‘అన్నా, ఇందులో చెప్పిన ఆదేశం పనిచేయడం లేదు’ అంటే తెరిచి చూశాను. మూలం ఎప్పుడో మారింది, నాది మారలేదు.