జావా డేకి నల్గొండ నుంచి: ఎజ్డీ మీదా, బస్సులోనా?

జులై రెండో ఆదివారం జావా డే, అంటే పాత జావా, ఎజ్డీ మోటార్‌సైకిళ్ల అభిమానులు కలుసుకునే రోజు. హైదరాబాద్‌లో పాత బండ్ల కలయిక, స్పేర్ పార్టుల మార్పిడి చూడాలంటే నల్గొండ నుంచి సుమారు 100 కిలోమీటర్లు.

ఖర్చు: ఎజ్డీకి టోల్ లేదు కానీ పెట్రోల్‌తో పాటు టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజిన్‌కు పెట్రోల్‌లో కలిపే నూనె) కూడా పోయాలి. ఒక్కరే అయితే బస్సే చవక.

శ్రమ: బస్సుకు ముందు రోజు పనేమీ ఉండదు. బండికైతే ప్లాటినం పాయింట్లు (ప్లగ్‌లో స్పార్క్ వచ్చేలా చేసే భాగం), చైన్, బ్రేకు కేబుళ్లు అన్నీ చూసుకోవాలి. స్పేర్ ప్లగ్, క్లచ్ కేబుల్ సంచిలో ఉండాల్సిందే.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. టూ స్ట్రోక్ ఇంజిన్‌ను నార్కట్‌పల్లి దాటాక హైవే మీద ఏకబిగిన లాగిస్తే వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. చౌటుప్పల్‌లో ఆగి చల్లారనివ్వాలి. వానొచ్చి పాయింట్లు తడిస్తే వేరే టెన్షన్. మైసూరులో ఎజ్డీల తయారీ 1996లోనే ఆగింది, దారిలో ఏ మెకానిక్ దగ్గరైనా పార్టు దొరుకుతుందనుకోవద్దు. ఆర్‌సీ గడువు కూడా చూసుకోండి.

కొనుగోళ్లు: బస్సులో కార్బురేటర్, హెడ్‌లైట్ సులువుగా వస్తాయి. ట్యాంకు, సైలెన్సర్ ఎక్కిస్తే కండక్టర్‌తో పేచీ తప్పదు. అలాగని ఎజ్డీకి కట్టుకుని రావడం కూడా అంత తేలికేం కాదు.

బండి ఈమధ్యే సర్వీసై, తోడుగా ఇంకో బండి ఉంటే ఎజ్డీ మీదే వెళ్లండి. అక్కడ నలుగురూ చుట్టూ చేరేది బండితో వచ్చినవాళ్ల దగ్గరే. పార్టుల కోసమే అయితే తెల్లవారుజామున బస్సెక్కండి, మంచి సరుకు ముందే అయిపోతుంది.