తేలినీలాపురం పక్షులు, నౌపడా ఉప్పు మడులు: రెండూ ఒకే రోజు చూడండి (5కి 4)

శ్రీకాకుళం జిల్లా టెక్కలి దగ్గరున్న పక్షుల ఊరు తేలినీలాపురానికి చాలామంది మధ్యాహ్నం చేరుకుని, చింతచెట్ల కింద నాలుగు ఫొటోలు తీసుకుని వెనక్కి వెళ్లిపోతారు. ఆ వేళకి చాలా పక్షులు మేతకు వెళ్లి ఉంటాయి. ఉదయం 7 లోపే అక్కడుండాలి. శ్రీకాకుళం నుంచి హైవే మీద టెక్కలి సుమారు 50 కిలోమీటర్లు. టెక్కలిలో ఆటో మాట్లాడుకునేటప్పుడే తేలినీలాపురం, నౌపడా ఉప్పు మడులు, భావనపాడు బీచ్, తిరుగు ప్రయాణం కలిపి రేటు తేల్చుకోండి. సముద్రం దగ్గర ఖాళీ ఆటో దొరుకుతుందని నమ్ముకోకండి.

వీటిని అందరూ సైబీరియా పక్షులనే అంటారు. కాదు. ఇక్కడ గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగలు (పెయింటెడ్ స్టార్క్), గూడబాతులు (పెలికాన్లు) రెండూ మన దక్షిణాసియా పక్షులే. నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి మారుతుంటాయి. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి వేసవి మొదలయ్యేదాకా ఉంటాయి. బైనాక్యులర్ 8×42 అయితే చాలు. ఎండెక్కాక ఒక్క గూడు మీదే చూపు నిలపండి: తల్లి కొంగ రెక్కలు గొడుగులా విప్పి, పిల్లల మీద నీడ పడేలా కదలకుండా నిలబడుతుంది. చెట్టు కిందకి మాత్రం వెళ్లకండి. రెట్టలు మీద పడతాయి, పెద్ద పక్షులు బెదిరి లేస్తే పిల్లలు గూట్లోంచి జారిపడతాయి.

ఆ పక్షుల వంటిల్లు నౌపడా చిత్తడి నేలల్లో ఉంది. అందుకే ఉప్పు మడులు కూడా చూడమంటున్నాం. సముద్రపు నీరు మొదటి మడుల్లోకి వచ్చేసరికి సుమారు 3 బామే డిగ్రీలు (ఉప్పునీటి చిక్కదనం కొలత, వేడిది కాదు) ఉంటుంది. అందులో చేప బతుకుతుంది, కొంగ దిగుతుంది. ఎండకు ఇగిరి మడి నుంచి మడికి మారుతూ 25 డిగ్రీలకు చేరితే రాళ్లుప్పు కట్టడం మొదలవుతుంది. అక్కడ చేప ఉండదు, కొంగా ఉండదు. పక్షుల కోసమైతే తెల్లగా మెరిసే మడులు వదిలేసి, నీళ్లు నిండుగా ఉన్నవాటి గట్టు పట్టుకోండి. 30 డిగ్రీల లోపే ఉప్పు లాగేయాలి, లేదంటే చేదెక్కుతుంది. ఒక్క గట్టి వాన పడినా పంట కరిగిపోతుంది.

ఒక మార్కు తగ్గించింది నీడ కోసం. మడుల మధ్య చెట్టన్నది లేదు, తెల్లటి ఉప్పు మీంచి ఎండ కంటికి కొడుతుంది. మనిషికి 3 లీటర్ల నీళ్లు, టోపీ, నల్లద్దాలు, వేళ్లు కప్పే చెప్పులు తప్పనిసరి. గట్ల మీద బురద జారుతుంది, ఉప్పు పెళ్లలు కాలిని కోస్తాయి. కెమెరాను తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాకే సంచిలో పెట్టండి.

నెల ఎంచుకోమంటే ఫిబ్రవరి. గూళ్లలో పిల్లలు, మడుల్లో ఉప్పు, ఈ తీరంలో గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్లు అన్నీ అప్పుడే. సాయంత్రం భావనపాడులో చీకటి పడేదాకా ఉంటే ఇసుక మీద టార్చి, ఫోను లైటు వెయ్యకండి. వెలుతురు పడితే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగిపోతుంది.