28 అరల మాత్రల డబ్బా: స్కిజోఫ్రేనియా ఉన్న పిల్లల ఇంట్లో ఎంతవరకు పనికొస్తుంది?

కొడుకుకో కూతురికో స్కిజోఫ్రేనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం లాంటి లక్షణాలుండే మానసిక జబ్బు) ఉన్న ఇంట్లో చాలా గొడవలు ఒక్క ప్రశ్నతోనే మొదలవుతాయి: "మాత్ర వేసుకున్నావా?" అమ్మకది బెంగ, పాతికేళ్ల పిల్లాడికది కాపలా. వారం మాత్రల డబ్బా ఉంటే అడగక్కర్లేదు, మూత తీసి చూస్తే చాలు. నాన్న ఇచ్చారని తెలియక అమ్మ మళ్లీ ఇవ్వడమూ తప్పుతుంది.

ఏడు అరల చిన్నది వద్దు. రోజుకు నాలుగు చొప్పున 28 అరలుండి, ఏ రోజు పట్టీ ఆ రోజుకు ఊడొచ్చేది తీసుకోండి. పెళ్లికో ఊరికో వెళ్తే ఆ పట్టీ ఒక్కటి జేబులో వేసుకోవచ్చు. మూతలు వదులుగా ఉంటే సంచిలో తెరుచుకుని పొద్దుటివీ రాత్రివీ కలిసిపోతాయి, కొనేముందు నొక్కి చూడండి. కొన్ని డబ్బాల మీద మంగళ, గురువారాలకు ఒకే ‘టి’, శని, ఆదివారాలకు ఒకే ‘ఎస్’ ఉంటుంది. తెలుగులో చీటీలు అంటించండి. ఆ పని పిల్లల చేతే చేయిస్తే ఇంకా మంచిది.

పొరపాట్లు జరిగేది నింపేటప్పుడే. వారంలో ఒకే రోజు, తాజా ప్రిస్క్రిప్షన్ ఎదురుగా పెట్టుకుని నింపాలి. డాక్టర్ డోసు మారిస్తే ఆ రోజే డబ్బా అంతా ఖాళీ చేసి మళ్లీ మొదలుపెట్టాలి. నోట్లో కరిగే ఒలాంజపిన్, కొందరికి దానితోపాటు రాసే సోడియం వాల్‌ప్రోయేట్ మాత్రలను ముందే రేకులోంచి తీయకూడదు. తేమ పీలుస్తాయి, విశాఖ, కాకినాడ ఉక్కలో అయితే మరీను. స్ట్రిప్‌ను మాత్ర చుట్టూ కత్తిరించి రేకుతోనే వేయండి, అందుకే అర వెడల్పుగా ఉండాలి. పేరు, గడువు తేదీ ఉన్న ముక్కను చివరిదాకా దాచండి. రిస్పెరిడోన్ సిరప్‌కు ఈ డబ్బాతో పని లేదు కానీ, దాన్ని టీలో మాత్రం కలపకండి, సరిపడదు.

క్లోజపిన్ వాడేవారికి ఈ డబ్బా తప్పనిసరి అనే చెప్తాం. ఆ మందు 48 గంటలు దాటి ఆగితే పాత డోసు నేరుగా ఇవ్వకూడదు. డాక్టర్‌తో మాట్లాడి 12.5 మి.గ్రా. నుంచి మళ్లీ పెంచుకుంటూ రావాలి. లేకపోతే బీపీ పడిపోవచ్చు, ఫిట్స్ రావచ్చు. ఎన్ని పూటలు తప్పాయో నిండుగా మిగిలిన అరలే లెక్క చెప్తాయి. తప్పిన మాత్రను తర్వాతి పూట రెండింతలు చేసి ఇవ్వడమూ వద్దు.

అయితే ఖాళీ అర చెప్పేది మాత్ర డబ్బాలోంచి వెళ్లిందని మాత్రమే, కడుపులోకి వెళ్లిందని కాదు. నాలుక కింద దాచి ఉమ్మేసే పిల్లలుంటారు. అది వాళ్ల మొండితనం కాదు, జబ్బు ఉందని నమ్మలేకపోవడం ఆ జబ్బులో భాగమే. అక్కడ ఇంకో డబ్బా కొన్నా లాభం లేదు. నోట్లో కరిగే మాత్రకో, ఫ్లూఫెనజిన్ డెకనోయేట్‌లా రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఇచ్చే ఇంజెక్షన్‌కో మార్చడం కుదురుతుందేమో డాక్టర్‌ను అడగండి. అన్నంలో దొంగతనంగా కలిపితే, బయటపడిన రోజున మందుతోపాటు మీ చేతి అన్నాన్నీ అనుమానిస్తారు.

ఈ డబ్బాకు తాళం ఉండదు. వారానికి సరిపడానే నింపి, మిగతావి బీరువాలో పెట్టి తాళం వేయండి. చనిపోవాలన్న మాటలు వినిపిస్తున్న రోజుల్లో ఒక్క పూటవే చేతికివ్వండి, వెంటనే డాక్టర్‌కు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

పిల్లలు నిలదొక్కుకున్నాక నింపే పని వాళ్లకే ఇవ్వండి. మొదట వాళ్లు నింపితే మీరు లెక్క చూడండి, తర్వాత మూతలు మాత్రం చూడండి.