గోడకు తగిలించాలా, ట్రాలీలో పెట్టాలా? కారు పని చేసుకునే గ్యారేజీకి ఏది మేలు

ఇంట్లో సొంతంగా కారు పని చేసుకునేవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. గ్యారేజీ అంతా సామానుతో నిండిపోయింది, ఒక పానా కావాలంటే పావుగంట వెతకాల్సి వస్తోంది, గోడకి పెగ్‌బోర్డు (కొక్కేలు తగిలించుకునే రంధ్రాల పలక) కొట్టించుకుంటే మంచిదా, సొరుగుల ట్రాలీ తెచ్చుకుంటే మంచిదా అని. ఈమధ్య ఈ మాట అడిగేవాళ్లు మరీ ఎక్కువయ్యారు. నేను ఆరేళ్లు పెగ్‌బోర్డుతో పనిచేసి, కిందటేడాది ట్రాలీకి మారాను. రెండింటి మంచిచెడ్డలూ అనుభవంలో ఉన్నాయి కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు దేన్ని బట్టి తేల్చుకోవాలో చూద్దాం. చాలామంది సామాను ఎంత తొందరగా చేతికి దొరుకుతుందని చూస్తారు. నేను తిరిగి పెట్టడం ఎంత తేలికని చూస్తాను. 14 సైజు పానా దొరక్కపోతే పని ఆగిపోతుంది కాబట్టి ఎక్కడున్నా వెతికి పట్టుకుంటాం. వాడాక దాన్ని మళ్లీ దాని చోట పెట్టకపోయినా అప్పటికప్పుడు ఏమీ ఆగదు. బోల్టు ఊడింది, పని ముందుకు సాగుతోంది, పానా బంపరు మీదో నేల మీదో ఉండిపోతుంది. అలా పది పనిముట్లు పోగయ్యేసరికి గ్యారేజీ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే ఏ ఏర్పాటుకైనా నేను ఒకే పరీక్ష పెడతాను. మోకాళ్ల మీద కూర్చుని, చేతికి గ్రీజు అంటుకుని, రెండో చేత్తో కాలిపర్ (బ్రేక్ ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) పట్టుకుని ఉన్నప్పుడు, వాడేసిన రాచెట్‌ని (బోల్టు తలకి తొడిగే సాకెట్లని తిప్పే పిడిని) లేవకుండా దాని చోట పెట్టగలనా?

పెగ్‌బోర్డులో గొప్ప సుగుణం ఏమిటంటే ఏదీ దాగదు. ప్రతి పనిముట్టు చుట్టూ మార్కర్‌తో గీత గీసి ఉంచితే, లైటు ఆర్పేముందు ఒక్కసారి గోడవైపు చూస్తే చాలు, ఏది తిరిగి రాలేదో తెలిసిపోతుంది. తలుపు తెరవక్కర్లేదు, సొరుగు లాగక్కర్లేదు. బల్ల దగ్గర నిలబడి చేసే పనులకి, అంటే ఆల్టర్నేటర్‌ని వైస్‌లో బిగించి విప్పుకోవడం, కార్బురేటర్ కడుక్కోవడం లాంటివాటికి, దీన్ని మించిన ఏర్పాటు నేను చూడలేదు. కళ్లు పని మీదే ఉంటాయి, చెయ్యి తనంతట తనే కొక్కెం దగ్గరికి వెళ్తుంది.

కొట్టించుకునేటప్పుడు పావు అంగుళం మందం ఉన్న బోర్డే తీసుకోండి. అందులో సగం మందం ఉండే రకం సుత్తులు, పెద్ద పానాల బరువుకి వంగిపోతుంది, రంధ్రాలు సాగిపోతాయి. బోర్డుని గోడకి ఆనించి కొట్టేస్తే కొక్కేలు లోపలికి దూరవు. వెనక చెక్క పట్టీలు వేసి అర అంగుళమైనా ఖాళీ వదలాలి. పానా తీసినప్పుడల్లా కొక్కెం కూడా ఊడి చేతికి రావడం పెగ్‌బోర్డు వాడినవాళ్లందరికీ తెలిసిన విసుగే. కొక్కేన్ని బోర్డుకి పట్టి ఉంచే చిన్న క్లిప్పులు వేస్తే ఆ బాధ తీరుతుంది. సాకెట్లకి మాత్రం గోడ కుదరదు. ఒక్కోదానికి ఒక్కో కొక్కెం పెడుతూ పోతే గోడంతా అవే అవుతాయి. టార్క్ రెంచ్‌ని (బోల్టుని ఎంత బిగువుగా బిగించాలో కొలిచి బిగించే పానాని) అసలు వేలాడదీయొద్దు. అనుకున్న బిగింపు రాగానే టక్కుమనే క్లిక్ రకం రెంచ్‌ని పని అయ్యాక స్కేలు మీది అతి తక్కువ అంకెకి తిప్పి, దాని పెట్టెలోనే ఉంచాలి. స్ప్రింగు రోజుల తరబడి బిగువు మీద ఉన్నా, రెంచ్ కొక్కెం జారి కింద పడినా, అది చూపించే బిగింపుని నమ్మలేం.

ఇవన్నీ సరిచేసుకోగల లోపాలే. నేను గోడని వదిలేసింది వేరే కారణంతో. వడ్రంగి పనిలో చెక్క బల్ల దగ్గరికి వస్తుంది. కాబట్టి బల్ల వెనక గోడ మీద పనిముట్లు ఉండటం సబబే. కారు బల్ల దగ్గరికి రాదు. మనమే దాని చుట్టూ తిరగాలి, దాని కిందికి దూరాలి. ఒక ఆదివారం ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు మారుస్తూ లెక్కపెట్టాను. గోడకి అవతలి వైపున్న చక్రం ఒక్కటి పూర్తయ్యేసరికి గోడ దగ్గరికి 11 సార్లు నడిచాను. అన్నిసార్లూ ఏదో ఒకటి తెచ్చుకోవడానికే. తిరిగి పెట్టడానికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. చక్రం బిగించి చూసేసరికి తొమ్మిది పనిముట్లు నేల మీదే ఉన్నాయి.

పదోది నాకు కనబడలేదు. కాలిపర్‌లోని పిస్టన్‌ని వెనక్కి నొక్కినప్పుడు బ్రేక్ ఫ్లూయిడ్ పొంగి పొర్లుతుందేమోనని మధ్యలో బానెట్ ఎత్తి చూశాను. అప్పుడు చేతిలో ఉన్న రాచెట్‌ని బ్యాటరీ పక్కన పెట్టి, అక్కడే మరిచిపోయాను. మర్నాడు రోడ్డు మీద వెళ్తుంటే ముందు నుంచి టకటకమని చప్పుడు. నేను చేసిన బ్రేకుల్లోనే ఏదో వదులైందని గుండె ఆగినంత పనైంది. బండి పక్కకి ఆపి చూస్తే రాచెట్ బ్యాటరీ ట్రే అంచున ఊగుతోంది. అది ప్లస్ టెర్మినల్‌కీ బాడీకీ అడ్డంగా పడి ఉంటే షార్ట్ అయి నిప్పు లేచేది. ఆ సాయంత్రం ఇంటికి రాగానే ఏర్పాటు మార్చాల్సిందే అనుకున్నాను.

చక్రాల ట్రాలీని ఏ చక్రం దగ్గర పనిచేస్తుంటే అక్కడికి తోసుకుని, కావలసిన సొరుగు తెరిచి ఉంచుకుంటే, కూర్చున్నచోటు నుంచే చెయ్యి అందుతుంది. వాడటం, పెట్టడం, మళ్లీ తీయడం, ఏదానికీ లేవక్కర్లేదు. నేను పెట్టే పరీక్షలో అది ఇలా నెగ్గింది.

అయితే "ట్రాలీ కొన్నాం, అందులోనూ ఏమీ దొరకట్లేదు" అనేవాళ్లూ తక్కువేం లేరు. వాళ్లు కొన్నదాన్ని చూస్తే సాధారణంగా మూడో నాలుగో లోతైన సొరుగులు ఉంటాయి. లోతైన సొరుగుకీ గంపకీ తేడా లేదు. పైన కనిపించేది నాలుగు పనిముట్లు, మిగతావన్నీ వాటి కింద. సొరుగుల లోతు 5 నుంచి 7 సెంటీమీటర్లు ఉండి, అలాంటివి ఎక్కువ ఉన్న ట్రాలీ చూడండి. ఒక పనిముట్టు మీద ఇంకోటి పడే వీలు లేకపోవడమే మనకి కావాలి. లోతైనది అడుగున ఒకటి చాలు, సుత్తులకీ, బిగుసుకుపోయిన భాగాల్ని లాగే పుల్లర్లకీ, డ్రిల్లుకీ. బరువైనవి అడుగునే ఉండాలి. పై సొరుగుల్లో బరువు నింపి రెండు మూడు ఒకేసారి లాగితే ట్రాలీ మొత్తం మీదికి ఒరుగుతుంది. సొరుగులు బాల్ బేరింగ్ పట్టాల మీద నడిచేవైతే, నిండా సామాను ఉన్నా ఒక వేలితో వస్తాయి. చక్రాలు మరీ చిన్నవి వద్దు. నేలలో చిన్న పగులున్నా, దారిలో గాలి పైపు అడ్డొచ్చినా ఆగిపోతాయి. గ్యారేజీ నేల నీళ్లు పోవడానికి గుమ్మంవైపు వాలుగా ఉండటం మామూలే కాబట్టి చక్రాలకి లాక్ ఉండి తీరాలి.

ట్రాలీలో నిజమైన లోపం, మూసిన సొరుగులో ఏముందో, ఏది లేదో కంటికి కనబడకపోవడం. గోడ మీది గీతలు ఇచ్చిన భరోసా ఇక్కడ పోతుంది. దానికి మందు ఫోమ్. రెండు రంగుల పొరలున్న ఫోమ్ షీటులో ఒక్కో పనిముట్టు ఆకారాన్నీ కోసి పెడితే, అది లేనప్పుడు కింది రంగు ఎర్రగానో పసుపుగానో బయటపడుతుంది. విమానాలు మరమ్మతు చేసే చోట ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. అక్కడ ఇంజిన్‌లో ఒక్క పానా మరిచిపోయినా ప్రాణాలమీదికొస్తుంది. రాచెట్ సంగతి తర్వాత నాకు ఆ పద్ధతి విలువ బాగా అర్థమైంది. ఇప్పుడు అన్ని సొరుగులూ తెరిచి, ఎక్కడా ఎరుపు కనబడలేదని చూసుకున్నాకే కారు స్టార్ట్ చేస్తాను. ఒక్క జాగ్రత్త. ట్రాలీ తెచ్చిన రోజే ఫోమ్ కోయకండి. నెల రోజులు ఊరికే సర్దుకుని వాడండి. చెయ్యి మాటిమాటికీ ఏ సొరుగుకి వెళ్తోందో తెలిశాక కోయండి.

నా పై సొరుగులో 10, 12, 13, 14, 17, 19 సైజు సాకెట్లు, రెండు రాచెట్లు, ఎక్స్‌టెన్షన్లు మాత్రమే ఉంటాయి. జపాన్ కార్లకి 10, 12, 14, 17 ఎక్కువగా కావాలి. యూరప్ కార్లయితే 13, 16, 18తో పాటు టార్క్స్ బిట్లు (నక్షత్రం ఆకారపు గాడి ఉన్న స్క్రూలకి వాడేవి) కూడా పైకి రావాలి. 10 సైజు మాత్రం రెండు ఉంచుకోండి. బ్యాటరీ టెర్మినళ్లు, ఫిల్టరు పెట్టె, ప్లాస్టిక్ కవర్లు, చిన్న చిన్న బ్రాకెట్లు అన్నింటికీ అదే కావాలి. రోజులో ఎక్కువసార్లు చేతులు మారేది అదే కాబట్టి ఎక్కువసార్లు ఇంజిన్ కింది షీల్డులో పడిపోయేదీ అదే.

పనిముట్లు సర్దినంత మాత్రాన గ్యారేజీ బాగుపడదు. నిజానికి చోటుని ఎక్కువగా తినేసేది విప్పిన భాగాలు. ఇక్కడ ఎంచుకోవాల్సింది ఇంకోటుంది. బోల్టులన్నీ ఒక డబ్బాలో, క్లిప్పులన్నీ ఇంకో డబ్బాలో అని రకాన్ని బట్టి సర్దాలా, పనిని బట్టి సర్దాలా? కొత్త సామానుకి, అంటే వాషర్లు, ఫ్యూజులు, హోస్ క్లిప్పుల్లాంటి వాటికి, రకాన్ని బట్టి సర్దడమే సరి. కారులోంచి విప్పినదాన్ని మాత్రం ఎప్పుడూ రకాల్లో కలపొద్దు. వాటర్ పంపు విప్పితే దాని బోల్టుల్లో పొడవు తేడాలుంటాయి. పొడవైనది పొట్టిదాని చోట బిగిస్తే అడుగున తగిలి అల్యూమినియం పోత పగలొచ్చు. అందుకే ఒక పనికి ఒక డబ్బా, లోపలిది కనబడే ప్లాస్టిక్‌ది. లోపల జిప్ కవర్లు. పంపులాంటి వాటికి అట్టముక్క మీద పంపు ఆకారం గీసి, ఏ బోల్టుని ఆ చోటే గుచ్చుతాను. మూడు నెలలు పని ఆగిపోయినా అట్ట అన్నీ గుర్తు పెట్టుకుంటుంది. కవర్ల మీద మార్కర్‌తో రాసేవాళ్లు బ్రేక్ క్లీనర్ తగలకుండా చూసుకోండి, అక్షరాలు ఇట్టే పోతాయి. చీటీ రాసి కవరు లోపల వేయడం మేలు.

ఈ డబ్బాలకి తలుపుల్లేని ఇనుప అరలు చాలు. తలుపులున్న బీరువా అందంగా ఉంటుంది, కానీ దాని ముందు ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డుగా ఉంటుంది. డబ్బాల్ని ఒకదాని మీద ఒకటి పేర్చకండి. కావలసింది ఎప్పుడూ అడుగునే ఉంటుంది, దాన్ని తీశాక పైవాటిని మళ్లీ పేర్చే ఓపిక ఎవరికీ ఉండదు. బ్రేక్ డిస్కుల్ని నిలబెట్టకుండా పడుకోబెట్టి, అడుగు అరలోనే ఉంచండి. రిమ్ములేని టైర్లు నిలబెట్టి, రిమ్ముకి ఎక్కించినవి పడుకోబెట్టి ఉంచాలి.

మిగతావాటి గురించి పెద్దగా చెప్పేది లేదు. 45 డిగ్రీల వాలుగా కోసిన చెక్క పట్టీలకి అరలు తగిలించే ఫ్రెంచ్ క్లీట్ పెగ్‌బోర్డు కన్నా గట్టిది, చెక్కపని వచ్చినవాళ్లకి బాగుంటుంది, కానీ అదీ గోడకి తగిలించేదే. అయస్కాంత పట్టీకి తగిలించిన స్క్రూడ్రైవర్లకి ఇనుప రజను అంటుకుంటుంది. పైకప్పుకి బిగించే అటకలు ఏడాదికోసారి తీసే తేలికపాటి సామానుకి పనికొస్తాయి. గేర్‌బాక్సులు మాత్రం పైకి ఎక్కించొద్దు.

ఏ ఏర్పాటు ఎంచుకున్నా ద్రవాల విషయంలో రాజీ పడకండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతూ పోతుంది. హీటరు, ఫ్రిజ్జు లాంటి నిప్పురవ్వ పుట్టే వాటి దగ్గర పెట్రోలు డబ్బా ఉండకూడదు. డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది కాబట్టి మూత తీసిన సీసాని మరో సందర్భానికని దాచొద్దు. లిన్సీడ్ నూనె లాంటి ఆరే నూనెలు అంటిన గుడ్డలు కుప్పగా పడి ఉంటే వాటంతటవే వేడెక్కి అంటుకోగలవు. మూతున్న ఇనుప డబ్బాలో వేయండి.

ట్రాలీ వద్దనాల్సిన సందర్భం ఒకటుంది. కారు లోపల పెట్టాక గోడకీ దానికీ మధ్య రెండడుగులు కూడా మిగలకపోతే ట్రాలీ చుట్టూ తిరగదు, ఒకచోట ఇరుక్కుని అదీ ఇంకో గోడే అవుతుంది. అలాంటి గ్యారేజీలో గోడకి పెగ్‌బోర్డు, చేత్తో మోసుకెళ్లే ఒక రేకు ట్రే పెట్టుకోవడం మంచిది. ఆ పనికి కావలసినవి ట్రేలో వేసుకుని చక్రం దగ్గరికి వెళ్లాలి, పని అయ్యాక ట్రే ఖాళీ అయ్యేదాకా గోడ దగ్గరే నిలబడాలి. నాలాగా చుట్టూ తిరిగే చోటున్నవాళ్లకి మాత్రం ట్రాలీయే అంటాను. పెద్ద సుత్తి, బ్రేకర్ బార్ (బిగుసుకున్న బోల్టుల్ని వదులు చేసే పొడవాటి పిడి), పైపు రెంచ్ లాంటి అరుదుగా తీసేవాటికి గోడ ఉండనే ఉంది.

ఏదైనా కొనేముందు ఒక పని చేయండి. మీకు అలవాటైన రిపేరు ఏదైనా ఒకటి, ఎప్పటిలాగే పూర్తి చేయండి. అయ్యాక వెంటనే సర్దకుండా, ఏ పనిముట్టు ఎక్కడ పడి ఉందో ఫోటో తీసుకోండి. ఎక్కువ సామాను బల్ల మీదే ఉంటే పెగ్‌బోర్డు తెచ్చుకోండి. కారు చుట్టూ నేల మీద ఉంటే ట్రాలీకి వెళ్లండి.