నాలుగేళ్ళ వాడకం తర్వాత: పాత ఫోటోలోంచి కొలతలు తీసే ఫ్లాట్‌బెడ్ స్కానర్

మా తాతయ్య గుంటూరు–మాచర్ల లైను మీటర్ గేజ్‌గా ఉన్న రోజుల్లో గేటు కీపరు. ఆయన కూర్చున్న గేటు గది ఇప్పుడు లేదు. మిగిలింది అమ్మమ్మ ఆల్బమ్‌లో ఐదు ఫోటోలు. వాటిని పట్టుకుని ఆ గది నమూనాను రైలు మోడళ్ళ హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలు సైజులో 87వ వంతుగా (1:87), ఉన్నది ఉన్నట్టు కట్టాలని ఈ స్కానర్ కొన్నాను.

కొనేవాళ్ళు కంపెనీ పేరు కంటే ముందు సెన్సార్ చూడండి. ఇంట్లో ప్రింటరుతో వచ్చిన స్కానర్‌లో సాధారణంగా ఉండేది సీఐఎస్ రకం సెన్సార్. అద్దానికి అంటుకున్న భాగమే స్పష్టంగా వస్తుంది. పాత ఫోటోలు వంగిపోయి ఉంటాయి కాబట్టి అంచులన్నీ మసకే. నేను తీసుకున్నది సీసీడీ రకం. ఫోటో కాస్త పైకి లేచినా గీత చెదరదు. ఈ ఒక్క గుణానికే దీన్ని వదల్లేకపోతున్నాను.

ఎక్కువగా పనికొచ్చింది పిన్ని చిన్నప్పటి ఫోటో. గుమ్మం ముందు గౌను వేసుకుని నిలబడింది. ఆమె భుజం పక్కన తలుపు చట్రం, దాని పక్కనే ఇటుక వరుసలు. 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాన్ చేస్తే ఒక్కో వరుస విడిగా లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చింది. 1200 పెట్టి చూశాను, ఫైలు బరువెక్కింది తప్ప కొత్తగా ఏమీ కనపడలేదు. ఫోటోను దానంతట అదే సరిదిద్దే ఆటో కరెక్షన్ మాత్రం ఆపేయండి. అది సున్నం కింద లీలగా కనిపించే వరుసల్ని చెరిపేస్తుంది.

మొదటిసారి తలుపు ఏడడుగులు ఉంటుందిలే అనుకుని దాన్నే కొలబద్దగా పెట్టుకున్నాను. గది కట్టాక ఎందుకో పొడుగ్గా, పరాయిదానిలా కనిపించింది. అప్పుడు ఊరికెళ్ళి, లైను పక్కన అదే కాలంనాటి గోడ ముక్క దొరికితే టేపు పెట్టాను. పది వరుసలు 33 అంగుళాలు. ఫోటోలో తలుపు ఎత్తు 24 వరుసలు. అంటే ఆరడుగుల ఏడంగుళాలే! నమూనాలో 35 మిల్లీమీటర్లు ఉండాల్సిన గోడ 37 వచ్చింది అందుకే. మొత్తం విప్పేసి మౌంట్ బోర్డుతో (దళసరి అట్టతో) మళ్ళీ కోశాను.

ఇంకో ఫోటోలో పట్టాలు కనిపిస్తాయి. వాటి మధ్య దూరం 1000 మిల్లీమీటర్లని తెలుసు కదా అని దాంతో గోడను కొలవకండి. పట్టాలు కెమెరాకు దగ్గర, గోడ దూరం, లెక్క తప్పుతుంది. కొలబద్ద ఎప్పుడూ అదే గోడలో ఉండాలి.

లోపాలూ ఉన్నాయి. నెమ్మది. అద్దం లోపలి వైపు దుమ్ము చేరితే తుడవడానికి వీలుండదు. సిల్కు ఫినిష్ ప్రింట్లలో చుక్కలు మెరుస్తాయి. ఫోటోను తలకిందులుగా తిప్పి రెండోసారి స్కాన్ చేసి, రెండూ కలిపితే చాలావరకు తగ్గాయి.

వెనక గోడ ఏ ఫోటోలోనూ లేదు. బోసిగా వదిలేసి, బెంగుళూరు పెంకులు కూడా వేసేశాక అమ్మమ్మకు చూపించాను. చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పింది. "ఇక్కడ కిటికీ ఉండాలిరా. మీ తాతయ్య అందులోంచే బండి పొగ చూసేవారు" అంది. ఎంత ఎత్తులో అని అడిగితే తన గడ్డం దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. టేపు తెచ్చి అక్కడికి కొలిచాను: నాలుగడుగుల రెండంగుళాలు.